ముట్లు ఆగాక బీపీ: ఊపిరితో ఎంత దిగుతుంది?

యాభై దాటిన ఆడమనిషికి బీపీ 150 దాటిందని తెలిస్తే చాలు, చుట్టూ అందరూ డాక్టర్లే. "మాత్ర మొదలుపెట్టావంటే ఇక వదలదు, ముందు ప్రాణాయామం చేసి చూడు వదినా" అంటుంది పక్కింటావిడ. "కపాలభాతి రోజూ పావుగంట చేయండి మేడమ్, బీపీ ఎందుకు దిగదో చూద్దాం" అంటాడు పార్కులో యోగా మాస్టారు. "కపాలభాతా? నువ్వు దాని జోలికే పోవద్దమ్మా" అంటుంది ఫోన్లో కూతురు. డాక్టరుగారేమో చీటీ మీద ఆమ్లోడిపిన్ 5 అనే బీపీ మాత్ర రాసి, "ఉప్పు తగ్గించండి, కాస్త యోగా అదీ చేయండి" అని తర్వాతి పేషెంటును పిలుస్తారు. ఏ యోగా, ఎంతసేపు, మాత్రకు తోడుగానా, బదులుగానా? ఆ ఒక్క ముక్కలో ఇవేవీ ఉండవు.

అందరూ ప్రాణాయామం అనే అంటున్నారు గానీ, ఒకే దాని గురించి మాట్లాడడం లేదు. ఆ పేరు కింద గుండెను నెమ్మదింపజేసే పద్ధతులూ ఉన్నాయి, కపాలభాతిలా ఉరికించే పద్ధతులూ ఉన్నాయి. బీపీకి పనికొచ్చేవి మొదటి రకం. అవి కూడా సగటున దించేది నాలుగైదు పాయింట్లు. నాలుగైదంటే తీసిపారేసే సంగతి కాదు. అలా అని 165ను 125 చేసేదీ కాదు.

ముందు, ముట్లు ఆగడానికీ బీపీకీ ఉన్న లంకె ఏమిటో చూడాలి.

ఈస్ట్రోజెన్ వెళ్లిపోయాక

వరసగా 12 నెలలు ముట్టు రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. పాశ్చాత్య దేశాల్లో ఇది సగటున 51 దగ్గర వస్తే, మన దేశంలో 46, 47కే వస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో దీనికి ఇంకో కోణం ఉంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో దేశ సగటు 3 శాతం చుట్టూ ఉంటే, 2019-21 సర్వేలో మన దగ్గర అది 8 శాతం దాటింది. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే, 38 ఏళ్ల మనిషైనా ఆ రోజు నుంచే మెనోపాజ్‌లో ఉన్నట్టు. అండాశయాలు ఉంచినా అది కాస్త ముందుగా రావచ్చు. అందుకే "నాకింకా నలభై రెండే, అప్పుడే బీపీ ఏంటి" అనుకునేవాళ్లు పాత డిశ్చార్జి కాగితం బయటికి తీసి చూసుకోవడం మంచిది. గర్భసంచి ఆపరేషన్ అయిందని తెలిసినవాళ్లే గానీ, ఏం తీశారో ఏం ఉంచారో తెలిసినవాళ్లు మన ఇళ్లలో తక్కువ.

అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్, రక్తనాళాల లోపలి పొర చేత నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారు చేయిస్తుంది. అది నాళం గోడలోని కండరాన్ని సడలిస్తుంది, నాళం విప్పారుతుంది. ఈస్ట్రోజెన్ పడిపోయాక ఆ సడలింపు తగ్గుతుంది. దాంతోపాటు సింపథెటిక్ నాడులు, అంటే భయమో కోపమో వచ్చినప్పుడు గుండెను పరిగెత్తించేవి, మునుపటికంటే ఎక్కువ చురుగ్గా ఉండిపోతాయి. ఊపిరి సంగతి చెప్పేటప్పుడు ఈ నాడుల దగ్గరికి మళ్లీ రావాలి.

మూడోది ఉప్పు. అండాశయాలు తీసేయకముందు, తీసేసిన నాలుగు నెలలకు, అదే ఆడవాళ్లను పరీక్షించి చూస్తే, ఉప్పు తింటే బీపీ పెరిగే రకంవాళ్ల సంఖ్య ఆపరేషన్ తర్వాత రెట్టింపు దాటింది. వయసులో అంత తేడా లేదు, తిండీ కొలత ప్రకారమే పెట్టారు. అంటే ముప్పై ఏళ్లుగా తింటున్న ఆవకాయే తింటున్నా, ఒళ్లు దాన్ని ఇప్పుడు వేరేగా లెక్కగడుతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటుంది. అది రోజు మొత్తానికి ఒక చిన్న చెంచా. కూరలో, చారులో పడ్డాక, పచ్చడికీ ఊరమిరపకాయకూ అప్పడానికీ అందులో పెద్దగా మిగలదు.

వీటికి తోడు నడుము చుట్టూ చేరే కొవ్వు, రాత్రిపూట ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి చెడే నిద్ర, మెనోపాజ్ తర్వాత ఆడవాళ్లలోనూ పెరిగే గురక. ఇందులో వయసు వాటా ఎంత, మెనోపాజ్ వాటా ఎంత అన్నదాని మీద పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. పెద్ద ధమనులు వయసుతో బిరుసెక్కుతాయి, అందుకే ఈ వయసులో పై అంకె పెరిగి కింది అంకె మామూలుగా ఉండడం ఎక్కువగా కనిపిస్తుంది. "కింద 80యే కదా, పర్లేదు" అని 158ని వదిలేయకూడదు.

పది సెకన్ల లయ

దవడ కింద, మెడకు పక్కగా వేలు పెడితే నాడి తగులుతుంది చూడండి, ఆ ధమని గోడలో ఒత్తిడిని పసిగట్టే నాడీ కొసలున్నాయి. వాటిని బారోరిసెప్టర్లు అంటారు. రక్తపోటు పెరిగి గోడ సాగగానే అవి మెదడుకు కబురు పంపుతాయి. మెదడు గుండెను కాస్త నెమ్మదించమంటుంది, నాళాలను సడలిస్తుంది. ఒత్తిడి పడిపోతే తిరిగి పెంచుతుంది. నిలబడగానే కళ్లు తిరిగి పడిపోకుండా కాపాడేది ఈ ఏర్పాటే. కబురు వెళ్లి, పని జరిగి, ఫలితం తిరిగి రావడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, రక్తపోటు రోజంతా సుమారు పది సెకన్లకు ఒకసారి చిన్నగా లేచి దిగుతూ ఉంటుంది. వయసు వల్ల, బీపీ వల్ల ఈ ఏర్పాటు మొద్దుబారుతుంది.

గాలి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలినప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. మామూలుగా నిమిషానికి 14 నుంచి 18 సార్లు ఊపిరి తీస్తాం. ఆ లయకూ పది సెకన్ల లయకూ పొంతన ఉండదు. ఊపిరిని నిమిషానికి ఆరుకు తగ్గిస్తే ఒక్కో ఊపిరి పది సెకన్లవుతుంది, రెండు లయలూ కలుస్తాయి. ఉయ్యాల వెనక్కి వచ్చిన క్షణానికి సరిగ్గా తోస్తే చిన్న తోపుకే ఎత్తుకు లేచినట్టు, ఆ కలయికలో బారోరిసెప్టర్ల స్పందన బలపడుతుంది, సింపథెటిక్ నాడుల జోరు తగ్గుతుంది. మెనోపాజ్ తర్వాత జోరు పెరిగేది ఆ నాడులకే కాబట్టి, నెమ్మది ఊపిరి ఈ వయసువాళ్లకు ప్రత్యేకంగా పనికొస్తుందని అనుకోవడానికి ఆధారం ఇక్కడుంది.

ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయంలో లూచానో బెర్నార్డి బృందం 2001లో ఒక ముచ్చటైన పరిశోధన అచ్చువేసింది. 23 మంది చేత లాటిన్‌లో మేరీమాత జపమాల చదివించారు, "ఓం మణి పద్మే హుం" కూడా జపింపజేశారు. రెండింటిలోనూ ఊపిరి తనంతట తానే నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చింది, బారోరిసెప్టర్ల స్పందన పెరిగింది. ఏ దేవుడి పేరన్నది కాదు, ఒక్కో చరణం పలకడానికి పట్టే సమయమే ఆ పని చేసింది. మన ఇళ్లలో సాయంత్రం లలితా సహస్రనామం చదివేవాళ్లు ఒక్కో శ్లోకం ఒక్కో ఊపిరిలో తాపీగా చదివితే కొలత ఇంచుమించు అక్కడికే వస్తుంది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి గబగబా ముగించేస్తే పుణ్యం సంగతేమో గానీ, బీపీకి మాత్రం లాభం లేదు.

అదే బృందం 2005లో బీపీ ఉన్నవాళ్లతో నిమిషానికి ఆరు చొప్పున రెండే రెండు నిమిషాలు ఊపిరి తీయించింది. సగటు పై అంకె 150 దగ్గర్నుంచి 141కి, కింది అంకె 83 దగ్గర్నుంచి 78కి వచ్చాయి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. రెండు నిమిషాల్లో తొమ్మిది పాయింట్లు దిగితే, పావుగంటలో ఇరవై దిగుతాయి, నెలలో బీపీయే పోతుంది అనుకుంటారు. ఆ దిగడం అప్పటికప్పుడు వచ్చేది, లేచి వంటింట్లోకి వెళ్లాక నిలవదు. రోజంతా, నిద్రలో కూడా నాళాల మీద పడే ఒత్తిడి తగ్గుతోందా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు వారాల తరబడి చేసి చూస్తేనే దొరుకుతుంది.

పుదుచ్చేరిలో బీపీ రోగులతో చేసిన ఒక అధ్యయనంలో ఎడమ ముక్కుతో మాత్రమే ఊపిరి తీసే చంద్రనాడి ప్రాణాయామం 27 ఆవృత్తులు చేయించినప్పుడు కూడా పై అంకె అప్పటికప్పుడు తగ్గింది. భ్రామరి విషయంలో వాట్సాప్‌లో తిరిగే మాట ఒకటి ఉంది: తుమ్మెదలా ఝుంకారం చేస్తే నైట్రిక్ ఆక్సైడ్ 15 రెట్లు పెరుగుతుందని. ఆ 15 రెట్లు నిజమే, స్వీడన్‌లో 2002లో కొలిచారు. కొలిచింది మాత్రం ముక్కులోంచి వచ్చే గాలిలో. ఆ వాయువు పక్కనున్న సైనస్‌లలోంచి వస్తుంది. కాళ్లలోనో మెదడులోనో ఉన్న రక్తనాళాలు దానివల్ల విప్పారతాయని అందులో తేలలేదు. భ్రామరి పనికొస్తుంది. ఝుంకారం చేస్తున్నంతసేపూ గాలి నెమ్మదిగా, పొడుగ్గా బయటికి పోతుంది కాబట్టి పనికొస్తుంది.

పెద్ద అంకెలు చిన్నవైన కథ

ఈ విషయంలో మొదటి పేరున్న ప్రయోగం మన దేశానిదే. ముంబై కేఈఎం ఆస్పత్రిలో డాక్టర్ కె.కె. దాతే బృందం 47 మంది బీపీ రోగుల చేత రోజూ అరగంట శవాసనం చేయించి, ఫలితాలను 1969లో ప్రచురించింది. శవాసనమంటే ఊరికే పడుకోబెట్టడం కాదు, పొట్టతో నెమ్మదిగా ఊపిరి తీస్తూ, వదిలాక కాసేపు విరామం ఇవ్వడం. చాలామందిలో బీపీ దిగింది, కొందరికి మందులు తగ్గించగలిగారు. తర్వాత ఇంగ్లండ్‌లో చంద్రా పటేల్ అనే డాక్టరమ్మ 1973లో 20 మందితో, 1975లో 34 మందితో విశ్రాంతి, ధ్యానం, బయోఫీడ్‌బ్యాక్ (ఒంట్లో మార్పులను యంత్రంలో గమనిస్తూ అదుపు చేసుకోవడం నేర్చుకునే పద్ధతి) కలిపి ప్రయత్నించారు. రెండో పరీక్షలో పై అంకె 26 పాయింట్లు దిగింది. అంతే సమయం ఇచ్చి ఊరికే పడుకోబెట్టినవాళ్లకు 9 దిగింది.

26 పాయింట్లంటే రెండు మూడు మాత్రల పని. మరి ఆ తర్వాత నాలుగైదుకు ఎందుకు పడిపోయింది? పద్ధతి చెడిపోయి కాదు. మొదటిసారి కొలిచినప్పుడు కంగారుతో పెరిగిన బీపీ, నాలుగోసారి వచ్చేసరికి ఏం చేయకపోయినా కొంత దిగుతుంది. ఊరికే పడుకున్నవాళ్లకు కూడా తొమ్మిది దిగడం అందుకే. ఎవరు ఏ గుంపులో ఉన్నారో కొలిచే మనిషికి తెలియకుండా, 24 గంటలూ చేతికి కట్టి ఉంచే యంత్రంతో కొలవడం మొదలయ్యాక అంకెలు చిన్నవయ్యాయి. 2013లో చాలా పరీక్షలను కలిపి లెక్కగట్టిన ఒక సమీక్షలో యోగా వల్ల తగ్గింపు సగటున 4/3 దగ్గర, అంటే పై అంకెలో 4, కింది అంకెలో 3 దగ్గర తేలింది. ఆసనం, శ్వాస, ధ్యానం మూడూ ఉన్నచోట 8/6 దాకా వచ్చింది. అది ఏమీ చేయనివాళ్లతో పోల్చితే వచ్చిన అంకె, వ్యాయామం చేసినవాళ్లతో పోల్చితే ఆ ఆధిక్యం నిలవలేదు. అదే ఏడాది అమెరికన్ హార్ట్ అసోసియేషన్ యోగాకు బలహీనమైన మార్కులే వేసి, నెమ్మది ఊపిరికి దారి చూపే యంత్రాలకు మంచి మార్కులిచ్చింది. ఆ యంత్రాల మీద జరిగిన పరీక్షల్లోంచి, తయారుచేసిన కంపెనీ డబ్బుపెట్టినవి తీసేసి చూస్తే ప్రయోజనం మాయమైందని 2012లోనే ఒక లెక్క వచ్చి ఉంది. అంటే వేలు పోసి యంత్రం కొననక్కర్లేదు. గోడగడియారంలో సెకన్ల ముల్లు చాలు.

నాకు అన్నిటికంటే ఆలోచింపజేసేదిగా అనిపించింది జర్మనీలో 2018లో అచ్చయిన పరీక్ష. మందులు వాడుతున్న 75 మందిని మూడు గుంపులు చేశారు: ఆసనాలతో కూడిన యోగా, ఆసనాలు లేకుండా శ్వాస, ధ్యానం మాత్రమే, ఏమీ లేనివాళ్లు. 12 వారాలయ్యాక 24 గంటల కొలతలో పై అంకె స్పష్టంగా తగ్గింది ఆసనాలు లేని గుంపులో. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేక "నాకు యోగా కుదరదులెండి" అని మానేసిన మన అత్తమ్మలకూ పిన్నమ్మలకూ ఇంతకంటే మంచి కబురు లేదు. కుర్చీలో కూర్చుని చేసేదే ఇందులో పెద్ద వాటా.

పై అంకె 5 పాయింట్లు దిగి అలాగే ఉంటే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు సుమారు 10 శాతం తగ్గుతాయి. ఇది మందుల పరీక్షల్లో తేలిన లెక్క. మామూలు మోతాదులో ఒక బీపీ మాత్ర దించేది సగటున 9 పాయింట్లు. కాబట్టి ఊపిరి సాధన సగం మాత్రంత పని చేస్తుందనుకోవచ్చు, అదీ రోజూ చేస్తే. 138, 142 లాంటి గట్టు మీద ఉన్నవాళ్లకు ఆ సగం చాలా విలువైంది. 170 ఉన్న మనిషి దాన్ని నమ్ముకుని మాత్ర మానేస్తే మాత్రం ప్రమాదం.

ఈ పరీక్షల్లో చాలావాటిలో ఆడా మగా, అన్ని వయసులవాళ్లూ కలిసే ఉన్నారు. ముట్లు ఆగినవాళ్ల గురించి విడిగా చెప్పగలిగింది ఒకటి అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం నుంచి 2021లో వచ్చింది. అది ప్రాణాయామం కాదు. నోట్లో చిన్న గొట్టం పెట్టుకుని, అడ్డు తగిలే గాలిని గట్టిగా లోపలికి లాగడం. రోజుకు 30 ఊపిరులు, ఐదు నిమిషాల పని. 50 నుంచి 79 ఏళ్ల 36 మందిలో ఆరు వారాలకు ఈ కసరత్తు చేసిన గుంపులో పై అంకె 9 పాయింట్లు దిగింది. పరిశోధకులకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఇంకోటి. ఈస్ట్రోజెన్ మందు వాడని, మెనోపాజ్ దాటిన ఆడవాళ్లలో నడక, పరుగు లాంటివి రక్తనాళాల లోపలి పొరను మగవాళ్లలో చేసినంత బాగుచేయవు. ఈ ఊపిరి కసరత్తు మాత్రం ఆ ఆడవాళ్లకూ సమానంగా పనిచేసింది. 36 మందితో జరిగింది కాబట్టి ఇదే మార్గమని చెప్పేయలేం. అలాగని నడక మానమనీ కాదు, బరువుకూ చక్కెరకూ ఎముకకూ అది కావాల్సిందే.

పార్కులో అందరితో పాటు చేయొచ్చా?

2025 జూన్ 21న విశాఖ సాగరతీరంలో 3 లక్షల మందికి పైగా ఒకేసారి యోగా చేశారు. అప్పటి నుంచి ఊరూరా పొద్దున్నే చాపలు పరుస్తున్నారు. అక్కడ చేయించేది ఎక్కువగా ఆయుష్ శాఖ ఉమ్మడి యోగా ప్రోటోకాల్, 45 నిమిషాల వరస. అది మామూలు ఆరోగ్యవంతుల కోసం కూర్చింది. ఆ పుస్తకంలోనే కపాలభాతి దగ్గర, బీపీ, గుండె జబ్బు, తలతిప్పు ఉన్నవాళ్లు చేయొద్దని రాసి ఉంది. మైకులో "ఇంకో ముప్పై, ఇంకో ముప్పై" అని లెక్కపెట్టేటప్పుడు ఆ ముక్క ఎవరూ చదవరు, అంతే.

కపాలభాతిలో పొట్టను లోపలికి కొడుతూ గాలిని బుస్సుమని బయటికి నెడతాం. చేస్తున్నంతసేపూ గుండె వేగం, పై బీపీ పెరుగుతాయని కొలిచి చూశారు. వేగంగా చేసే భస్త్రికకూ ఇదే జాగ్రత్త. ఈ వయసు ఆడవాళ్లకు మరో కారణం కూడా ఉంది, దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. కాన్పులతో, ఈస్ట్రోజెన్ తగ్గడంతో కటి కండరాలు వదులై ఉంటాయి. పొట్ట అలా దెబ్బ మీద దెబ్బ కొడుతుంటే ఆ ఒత్తిడంతా కిందికే పడుతుంది. కపాలభాతి చేసేటప్పుడు మూత్రం చుక్కలు పడడం, గర్భసంచి జారినట్టు బరువుగా అనిపించడం ఉంటే వెంటనే ఆపేయాలి. సిగ్గుపడి కొనసాగించకూడదు. ఊపిరి బిగబట్టే కుంభకం కూడా బీపీ అదుపులోకి వచ్చేదాకా వద్దు.

తర్వాత ఎముకలు. బీపీ చూసుకుని ఆసనాలు ఎంచుకునేవాళ్లు కూడా వీటిని మర్చిపోతారు. మెనోపాజ్ తర్వాత వెన్నుపూసలు పలచబడతాయి. అమెరికాలోని మేయో క్లినిక్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో, వెన్నెముక గుల్లబారిన 59 మంది ఆడవాళ్లను చూశారు. వెనక్కి వంగే వ్యాయామాలు చేసినవాళ్లలో 16 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు నొక్కుకుపోతే, ముందుకు వంగేవి చేసినవాళ్లలో 89 శాతం మందికి అలా జరిగింది. ఏ వ్యాయామమూ చేయనివాళ్లలో 67 శాతం. ముందుకు వంగడం ఊరికే కూర్చోవడం కంటే కూడా చెరుపు చేసిందన్నమాట. పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం "ఇంకొంచెం, ఇంకొంచెం, నుదురు మోకాలికి తాకాలి" అని చేయించే మాస్టారికి ఈ సంగతి తెలిసి ఉండాలి. తల కిందికి వేలాడితే తలలో, కంటిలో ఒత్తిడి కూడా పెరుగుతుంది. హలాసనం, సర్వాంగాసనం, శీర్షాసనం ఈ పరిస్థితిలో కొత్తగా మొదలుపెట్టేవి కావు. కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు గ్లకోమా ఉంటే అసలే వద్దు.

మరి మిగిలేవి? చాలానే. తాడాసనం, గోడ పక్కన నిలబడి వృక్షాసనం. పడిపోతే తుంటి విరిగే వయసు కాబట్టి నిలకడ నేర్పేది ఏదైనా మేలే. కొద్ది ఎత్తుకే లేచే భుజంగాసనం, ఒక్కో కాలితో శలభాసనం, తక్కువ ఎత్తు సేతుబంధం, మకరాసనం. మోకాళ్లు సహకరిస్తే గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలిచే భంగిమను వదలొద్దు. 270 పరీక్షలను కలిపి 2023లో వేసిన లెక్కలో కదలకుండా కండరాన్ని బిగించి ఉంచే ఇలాంటి వ్యాయామాలే బీపీని ఎక్కువ దించాయి, సగటున 8/4. వీరభద్రాసనం, ఉత్కటాసనం కూడా ఆ కోవలోవే. బిగించి ఉన్నంతసేపూ బీపీ పెరుగుతుంది, రోజులు గడిచాక దిగుతుంది. అందుకని 160 పైన ఉన్నప్పుడు మొదలుపెట్టకూడదు, చేస్తున్నప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. పక్కవాళ్లతో మాట్లాడగలుగుతున్నారంటే ఊపిరి ఆడుతున్నట్టే.

ఒక్క ఊపిరి దగ్గరగా

చేతుల్లేని కుర్చీలో, రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేట్టు కూర్చోండి. నడుము దగ్గర చీర కుచ్చిళ్లో, చుడీదార్ నాడానో బిగుతుగా ఉంటే వదులు చేయండి, పొట్ట కదలాలి. ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టుకోండి. నోరు మూసి, ముక్కుతో, సెకనుకు ఒకటి చొప్పున నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చండి. బొడ్డు మీద చెయ్యి ముందుకు కదలాలి, భుజాలు లేవకూడదు. ఆగకుండా, ఆరు లెక్కపెట్టేదాకా ముక్కుతోనే వదలండి. చివరి రెండు లెక్కలకు గాలి చాలక తోసినట్టు వదులుతుంటే అది మీకు పొడుగెక్కువైనట్టు. మూడు, నాలుగుతో మొదలుపెట్టి వారాల్లో పెంచుకోవచ్చు. రోజుకు పది పదిహేను నిమిషాలు, ఒకేసారి కుదరకపోతే పొద్దున సగం, పడుకోబోయే ముందు సగం.

వేళ్ల చివర తిమ్మిరి, తల తేలిపోవడం వస్తే ఊపిరి మరీ లోతుగా తీస్తున్నారని అర్థం. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతోంది. నెమ్మదిగా ఉండాలి గానీ నిండుగా ఉండక్కర్లేదు. ఇది పట్టుబడ్డాక నాడీశోధన (రెండు ముక్కురంధ్రాలతో మార్చి మార్చి ఊపిరి తీయడం), భ్రామరి చేర్చుకోవచ్చు, కుంభకం లేకుండా. చివర్లో శవాసనం వేస్తే పక్కకు తిరిగి, చేతి ఆసరాతో లేచి, ఒక నిమిషం కూర్చుని అప్పుడు నిలబడాలి. బీపీ మాత్ర వేసుకున్నవాళ్లు దిగ్గున లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి.

ఉబ్బసం, గుండె నీరసం, వరసగా ఆందోళన దాడులు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. ఊపిరి మీద ధ్యాస పెడితేనే కంగారు పెరిగేవాళ్లు కొందరుంటారు. వాళ్లు నెమ్మదిగా పాట పాడుకున్నా ఊపిరి పొడుగవుతుంది.

చెప్పాల్సింది యంత్రం

"ప్రాణాయామం మొదలుపెట్టాక తేలిగ్గా ఉంది, బీపీ తగ్గినట్టుంది" అన్న మాట మీద మాత్ర మానకూడదు. బీపీ పెరిగినా తెలియదు, తగ్గినా తెలియదు. చేతికి పట్టీ చుట్టే డిజిటల్ యంత్రం ఇంట్లో ఉండాలి, మణికట్టుది కాదు. కొలిచేటప్పుడు మన దగ్గర జరిగే పొరపాటు జాకెట్టు చెయ్యి. బిగుతు చేతిని పైకి మడిస్తే అది దండకు తాడు కట్టినట్టు బిగుసుకుంటుంది, దాని మీద పట్టీ చుడితే అంకె తప్పుతుంది. వదులు నైటీలోనో, చెయ్యి బయటికి తీసో కొలవాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కాఫీ తాగిన అరగంట లోపు వద్దు, మూత్రం ఆపుకుని వద్దు. వీపు ఆనించి, కాళ్లు ఎడంగా నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక ఒక నిమిషం తేడాతో రెండుసార్లు.

ప్రాణాయామం ముగించిన వెంటనే కొలిచి మురిసిపోవద్దు. దిగి ఉంటుందని ముందే తెలుసు కదా. పొద్దున మాత్రకూ సాధనకూ ముందు, రాత్రి భోజనానికి ముందు కొలిచి రాయండి. వారం సగటు ఇంట్లో 135/85 దాటితే ఎక్కువే, ఆస్పత్రిలో అయితే 140/90. యంత్రం కొనే స్థోమత లేకపోతే దగ్గరున్న పీహెచ్‌సీలోనో, బస్తీ దవాఖానాలోనో ఉచితంగా చూస్తారు, మాత్రలూ ఇస్తారు. 180/120 దాటి, దానితోపాటు గుండెలో నొప్పి, ఆయాసం, మాట తడబాటు, ఒకవైపు బలహీనత ఉంటే ఊపిరి లెక్కపెడుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

సాధన చేస్తున్నా అంకె కదలకపోతే తప్పు ఊపిరిది కాకపోవచ్చు. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో తెచ్చుకుని రోజూ మింగే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ బీపీని పెంచుతాయి. గొంతుకూ దగ్గుకూ మంచిదని రోజూ చప్పరించే అతిమధురం కూడా అంతే, ఒంట్లో ఉప్పును నిలవేసి పొటాషియంను బయటికి పంపుతుంది. గట్టిగా గురకపెట్టి, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లకు స్లీప్ అప్నియా పరీక్ష కావాలి. దాన్ని పగటిపూట ప్రాణాయామం సరిచేయలేదు. మెనోపాజ్ ఇబ్బందులకు ఈస్ట్రోజెన్ మాత్రలు వాడుతుంటే అవి కొందరిలో బీపీ పెంచుతాయి. చర్మానికి అంటించే పట్టీ రూపంలో ఆ బెడద తక్కువ కాబట్టి, మార్చవచ్చేమో డాక్టరమ్మను అడగొచ్చు.

రెండు మూడు నెలల రాతల్లో అంకెలు వరసగా 120 దగ్గరే ఉండి, లేచినప్పుడు కళ్లు తిరుగుతుంటే, ఆ పుస్తకం పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి. మోతాదు తగ్గించాలో వద్దో ఆయన చెబుతారు. కొన్ని బీపీ మందులు ఉన్నట్టుండి ఆపితే బీపీ ఎగబాకుతుంది కాబట్టి సొంతంగా మాత్ర విరిచి సగం వేసుకోవద్దు. మే నెలలో తగ్గించినవాళ్లు కొలవడం ఆపకండి. ఎండాకాలంలో బీపీ మామూలుగానే కాస్త తక్కువ ఉంటుంది, చలికాలంలో పెరుగుతుంది. వేసవిలో సరిపోయిన సగం మాత్ర డిసెంబరులో చాలకపోవచ్చు.